రంగు వేయని కోబ్రా: డేటోనా కూపే సీఎస్‌ఎక్స్ 2287 కథ

ప్రేక్షకులందరికీ విశాఖపట్నం నుంచి నమస్కారం. ఈరోజు రివ్యూకు తీసుకున్నది ఒకే ఒక్క కారు. అది షెల్బీ కోబ్రా డేటోనా కూపే (కూపే అంటే పైకప్పు ఉన్న రెండు తలుపుల కారు), ఛాసిస్ (కారు అడుగు చట్రం) నంబరు సీఎస్‌ఎక్స్ 2287. ప్రస్తుతం ఇది అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో సిమియోన్ మ్యూజియంలో ఉంది. ఈ కారు పందేల్లో ఏం సాధించింది, ఎవరెవరి చేతులు మారింది, చివరికి దానిని దక్కించుకున్న మనిషి దేనిని బాగు చేయించాడు, దేని జోలికి పోలేదు అన్నవే నేను పరిశీలించదలచుకున్న విషయాలు. ఉప్పుగాలిలో పాత బండ్లను కాపాడుకుంటున్న మన ఊరివాళ్లకు ఆ చివరి విషయం ఎంతో అవసరమని నా నమ్మకం.

1963 నాటికి అమెరికన్ మాజీ రేసర్ కారల్ షెల్బీ సంస్థ ఇంగ్లండ్‌లోని ఏసీ కార్స్ నుంచి ఛాసిస్‌లు తెప్పించుకుని, వాటిలో 4.7 లీటర్ల ఫోర్డ్ వీ8 ఇంజిన్ బిగించి, పైకప్పు లేని కోబ్రా రోడ్‌స్టర్లను పందేలకు పంపుతుండేది. మలుపులు ఎక్కువగా ఉన్న ట్రాకుల మీద ఆ కార్లకు తిరుగులేదు. అయితే 24 గంటల పందెం జరిగే ఫ్రాన్స్‌లోని ల మాన్ ట్రాకులో దాదాపు 6 కిలోమీటర్ల తిన్నని దారి ఉండేది, అక్కడ గాలి ఒత్తిడికి రోడ్‌స్టర్ వేగం ఒక హద్దు దాటేది కాదు, ఫెరారీ 250 జీటీఓ మాత్రం సునాయాసంగా ముందుకు వెళ్లిపోయేది. జీటీ తరగతిలో, అంటే రోడ్డు కార్ల ఆధారంగా తయారైన రేసు కార్ల విభాగంలో, పోటీ చేయాలంటే అదే రకం కార్లు కనీసం 100 తయారు చేయాలన్నది నిబంధన, కానీ ఛాసిస్ మార్చకుండా దాని మీద వేరే బాడీ కట్టుకోవడానికి ఆ నిబంధనలే వీలు కల్పించాయి. అప్పటికి ముప్ఫై ఏళ్లయినా నిండని షెల్బీ డిజైనర్ పీట్ బ్రాక్ ఆ వీలును వాడుకుని, ముక్కు కిందికి వంగి, వెనుక భాగం కత్తితో కోసినట్టు ఒక్కసారిగా ఆగిపోయే ఆకారాన్ని గీశాడు. ఇది పనిచేయదని అనుభవజ్ఞులు కొందరు పెదవి విరిచారు. రేసర్ కెన్ మైల్స్ మాత్రం బ్రాక్ వెంట నిలబడి, రివర్‌సైడ్ ట్రాకు మీద ఆ కారును తానే నడిపి చూశాడు. ఇంజిన్ అదే అయినా, వేగంలో వచ్చిన తేడా అనుమానాలన్నింటికీ సమాధానం చెప్పింది.

ఈ కూపేలు మొత్తం ఆరు మాత్రమే తయారయ్యాయి. వాటిలో ఐదింటికి ఇటలీలోని మోడెనాలో బాడీ కట్టారు. కాలిఫోర్నియాలోని షెల్బీ షెడ్డులోనే బాడీ కట్టిన ఒకే ఒక్క కారు, ఆరింటిలో మొట్టమొదటిది, ఈ 2287. దీని అల్యూమినియం రేకు మీద కనిపించే ప్రతి సొట్ట వెనుక ఒక పనివాడి సుత్తి దెబ్బో, ఒక పందెమో ఉంటుంది, అందుకే దానికి అంత విలువ.

1964 ఫిబ్రవరిలో డేటోనాలో బాబ్ హోల్బర్ట్, డేవ్ మెక్‌డొనాల్డ్ ఈ కారును నడిపి ముందంజలో ఉండగా, పిట్‌లో ఇంధనం నింపుతున్న సమయంలో బాగా వేడెక్కిన డిఫరెన్షియల్ (వెనుక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) మీద పెట్రోలు చిమ్మి మంటలు అంటుకున్నాయి. పందెం అక్కడితో ముగిసింది. మరుసటి నెలలోనే అదే కారు, అదే జంట సెబ్రింగ్ 12 గంటల పందెంలో జీటీ తరగతిని గెలిచి, మొత్తం మీద నాలుగో స్థానంలో నిలిచారు. ఆ విజయం తర్వాత మెక్‌డొనాల్డ్ ఎంతోకాలం బతకలేదు. మే నెలాఖరులో ఇండియానాపోలిస్ పందెంలో జరిగిన ఘోర ప్రమాదం అతడిని బలి తీసుకుంది. ల మాన్‌లో క్రిస్ ఏమన్, యోఖెన్ నీర్‌పాష్ ఈ కారును నడిపారు. ఇంజిన్ స్టార్ట్ కాకపోతే బయటి బ్యాటరీ తగిలించినందుకు నిర్వాహకులు కారును పందెం నుంచి తొలగించారు. దాని జోడీ కారు సీఎస్‌ఎక్స్ 2299 మాత్రం ఆ ఏడాది అక్కడ జీటీ తరగతిని గెలుచుకుంది. 1965లో జీటీ ప్రపంచ టైటిల్ మొదటిసారి ఒక అమెరికన్ సంస్థకు, అంటే షెల్బీకి, దక్కింది. అదే ఏడాది నవంబరులో క్రెయిగ్ బ్రీడ్‌లవ్, బాబీ టాట్రో ఇదే 2287ను బాన్‌విల్ ఉప్పు మైదానంలో నడిపి ఇరవైకి పైగా వేగ రికార్డులు నెలకొల్పారు.

అంత చరిత్ర ఉన్న కారు, షెల్బీ బృందం దృష్టి ఫోర్డ్ కంపెనీ రేసు కారు జీటీ40 మీదికి మళ్లడంతో, పనికిరాని పాత రేసు కారుగా మిగిలి చాలా తక్కువ ధరకు అమ్ముడుపోయింది. బొమ్మ కార్ల వ్యాపారి ఒకరు కొన్నారు, ఆయన దగ్గర సంగీత నిర్మాత ఫిల్ స్పెక్టర్ కొన్నారు. లోపల భరించలేని వేడి, చెవులు పగిలే చప్పుడు ఉండే ఆ కారు ఊరి రోడ్ల మీద తిరగడానికి ఏ రకంగానూ తగినది కాదు. స్పెక్టర్ దానిని తన అంగరక్షకుడికి నామమాత్రపు ధరకు ఇచ్చేశారు. తర్వాత అది ఆ అంగరక్షకుడి కూతురికి చేరింది. ఆమె దానిని కాలిఫోర్నియాలోని ఒక గోదాములో పెట్టి తాళం వేసి, షెల్బీ అంతటివాడు అడిగినా అమ్మకుండా, దశాబ్దాల పాటు లోకం కంటపడనీయలేదు. 2000లో ఆమె మరణించాక కారు ఎవరిదన్న వివాదం కోర్టుకెక్కింది. చివరికి అది ఫిలడెల్ఫియాకు చెందిన న్యూరోసర్జన్ ఫ్రెడ్ సిమియోన్ సేకరణలోకి చేరింది.

నా దృష్టిలో ఈ కారు చరిత్రలో అతి ముఖ్యమైన నిర్ణయం ఆ తర్వాతే జరిగింది. మిగతా ఐదు కూపేలు రెస్టోరేషన్ (పాత కారును కొత్తదానిలా మళ్లీ తీర్చిదిద్దడం) చేసుకుని తళతళలాడుతున్నాయి. వాటిలో సీఎస్‌ఎక్స్ 2601 అయితే 2009 వేలంలో 70 లక్షల డాలర్లకు పైగా పలికింది. సిమియోన్ చేతిలో డబ్బు ఉంది, నైపుణ్యం గల పనివాళ్లు ఉన్నారు, అయినా ఆయన 2287కు కొత్త రంగు వేయించలేదు. కారు నడిచే స్థితిలో ఉండేందుకు అవసరమైన యాంత్రిక పనులు చేయించి, వెలిసిన రంగును, గీతలను, సొట్టలను ఉన్నవి ఉన్నట్టే వదిలేశారు. 2014లో అమెరికా జాతీయ చారిత్రక వాహనాల రిజిస్టరులో నమోదైన మొట్టమొదటి కారు ఇదే. సిమియోన్ 2022లో కన్నుమూశారు. అయినా మ్యూజియం ఆవరణలో ఆ కారును నడిపి చూపించే సంప్రదాయం ఆయన నెలకొల్పినదే. ఆ నిర్ణయానికి నేను పూర్తి మార్కులు వేస్తాను, ఎందుకంటే రంగు గీకేసిన మరుక్షణం ఆ రేకు చెప్పగలిగిన సాక్ష్యం పోతుంది, ఎంత డబ్బు పోసినా మళ్లీ రాదు.

ఇదే సూత్రాన్ని విశాఖలో యథాతథంగా పాటించవచ్చా అంటే, పాటించలేమనే చెప్పాలి. ఫిలడెల్ఫియాలో ఆ కారు కప్పు కింద, పొడి గాలిలో ఉంటుంది. మన ఆర్కే బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామి ఉక్కు దేహంతో నేరుగా సముద్రపు గాలికి ఎదురుగా నిలబడింది కాబట్టి, దానికి రంగు వేయకుండా వదిలేస్తే తుప్పు తినేస్తుంది. పెదవాల్తేరులోనో, ఎంవీపీ కాలనీలోనో ఉన్న పాత ఫియట్, అంబాసిడర్ కార్ల పరిస్థితీ అదే. అయితే తుప్పును ఆపడం వేరు, చరిత్రను తుడిచేయడం వేరు. ఒక పాత ఫియట్ తలుపు అడుగు అంచును దగ్గరగా చూడండి. అక్కడ నీళ్లు కారిపోవడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి. ఇసుక, ఎండుటాకుల పొడి వాటిని మూసేస్తే తలుపు లోపల నీరు నిలిచి రేకు లోపలి నుంచే తినిపోతుంది, పైన రంగు మాత్రం బాగానే కనిపిస్తుంది. అదే అంచు మీద చిన్న అయస్కాంతం జరిపితే, అసలు రేకు ఉన్నచోట గట్టిగా అంటుకుంటుంది, మందంగా లప్పం పెట్టినచోట జారిపోతుంది. ఏ భాగం కంపెనీ నాటిదో, ఏ భాగం తర్వాత టింకరింగ్‌లో వచ్చిందో ఐదు నిమిషాల్లో తేలుతుంది.

అందుచేత ఆటోనగర్ షెడ్డులో కారును అప్పగించే ముందు, మొత్తం రంగు గీకేయమని దయచేసి చెప్పకండి. తుప్పు పట్టిన చోటు వరకే శుభ్రం చేయించి, అంతవరకే ప్రైమర్ కొట్టించండి, డోర్ల లోపల తుప్పు నిరోధక మైనం చిమ్మించండి, డిక్కీ మూత లోపలి వైపు కంపెనీ రంగు మిగిలి ఉంటే దానిని మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకండి. తీసేసిన పాత భాగాలను పాత ఇనుము వ్యాపారికి వేయకుండా పేరు రాసి దాచండి. ఇక కాగితాల సంగతి: 2287 ఎవరిదన్నది తేల్చడానికి కోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది, కాబట్టి మీ ఆర్‌సీ పుస్తకంలోని ట్రాన్స్‌ఫర్ నమోదులను, పాత ఇన్సూరెన్స్ కాగితాలను, వెలిసిపోతున్న రిపేరు బిల్లులను ఈ వారంలోనే స్కాన్ చేయించి భద్రపరచండి.