రెండో చెంప చూపించమంటే నోరు మూసుకోమని కాదు

అందరికీ వందనాలు. పోయిన వీడియో కింద ఒకాయన కామెంట్ పెట్టారు: "బ్రదర్, ప్రభువు రెండో చెంప చూపించమన్నాడు, మీరేమో హక్కులు, ధర్నాలు అంటారు, చర్చికి రాజకీయాలెందుకు?" అని. ఇదే మాట నేను చిన్నప్పట్నుంచీ వింటున్నాను. ఊళ్ళో కూలి డబ్బులు ఎగ్గొడితే రెండో చెంప, ఎవడో కులం పేరుతో తిడితే రెండో చెంప. గమనించారో లేదో, ఈ వాక్యం ఎప్పుడూ దెబ్బ తిన్నవాడికే వినిపిస్తారు. కొట్టినవాడి ఇంటికెళ్ళి వాక్యం చెప్పిన పాస్టర్ గారిని నేనైతే ఇంతవరకు చూడలేదు.

సరే, ఒక చిన్న పని చేద్దాం. ఇంట్లో ఎవరైనా ఉంటే మీ ఎదురుగా నిలబెట్టండి. కొట్టకండి బాబూ, ఊరికే చెయ్యి ఎత్తి చూపించండి చాలు. (చెయ్యి కెమెరాకి దగ్గరగా) కుడిచేత్తో, అరచెయ్యి చాపి కొట్టబోతే ఎక్కడ తగుల్తుంది? ఎదుటివాడి ఎడమ చెంపకి. కానీ మత్తయి సువార్తలో ఏ చెంప? కుడి చెంప. మన తెలుగు బైబిల్లోనూ కుడి చెంపే, కావాలంటే ఐదో అధ్యాయం తీసి చూసుకోండి. మరి కుడి చెంపకి తగలాలంటే ఎలా కొట్టాలి? ఎడమచేత్తో కొట్టాలి, ఎడమచేత్తో ఏం చేస్తామో ఏం చెయ్యమో మన తెలుగువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, ఆనాటి యూదులకీ దాదాపు అదే పట్టింపు. లేదంటే కుడిచేత్తోనే, కానీ పెడచేత్తో, అంటే చెయ్యి తిప్పి వెనకవైపుతో కొట్టాలి.

పెడచేత్తో ఎవర్ని కొడతారు? సమానుడితో గొడవపడితే అరచేత్తో పీకుతాం, లేదా పిడికిలి బిగిస్తాం. పెడచేత్తో ఇలా విదిలించేది మనకన్నా కింద అనుకున్నవాణ్ణి. యజమాని బానిసని, రోమన్ సైనికుడు యూదుణ్ణి. గాయం చెయ్యడం దాని ఉద్దేశం కాదు, నీ స్థానం నీకు గుర్తు చెయ్యడం. ఇది నా ఊహ కాదు. యూదుల ధర్మశాస్త్ర సంకలనం మిష్నాలో చెంపదెబ్బకి జరిమానా 200 జూజులు (ఆనాటి వెండి నాణేలు), అదే పెడచేత్తో కొడితే 400. దెబ్బ చిన్నది, జరిమానా రెట్టింపు, ఎందుకంటే లెక్క నొప్పికి కాదు, అవమానానికి.

ఇప్పుడు ఆ దెబ్బ తిన్నవాడు పారిపోలేదు, ఏడవలేదు, తిరిగి కొట్టలేదు. మొహం తిప్పి రెండో చెంప చూపించాడు. ఇక పెడచెయ్యి పనిచెయ్యదు, ముక్కు అడ్డం వస్తుంది, కావాలంటే ఆ ఎదురుగా నిలబెట్టినవాళ్ళ మీద మళ్ళీ ప్రయత్నించండి. కొట్టాలంటే అరచేత్తోనే కొట్టాలి, అంటే సమానుణ్ణి కొట్టినట్టే కొట్టాలి. "కొట్టు, కానీ మనిషిని కొట్టినట్టు కొట్టు" అంటున్నాడన్నమాట. దీన్ని లొంగిపోవడం అంటారా ఎవరైనా?

ఈ వివరణకి పేరు తెచ్చింది వాల్టర్ వింక్ అనే అమెరికన్ వేదాంతి. 1986లో ఆయన దక్షిణాఫ్రికా వెళ్ళి, వర్ణవివక్ష నడుస్తున్న రోజుల్లో అక్కడి చర్చిలని చూశాక దీని మీద గట్టిగా రాశాడు. ఒప్పుకోని పండితులూ ఉన్నారు, దాచడం ఎందుకు. లూకా సువార్తలో "కుడి" అన్న మాటే లేదు, పైగా మిష్నాని కూర్చింది ఏసు తర్వాత చాలాకాలానికి, దాదాపు క్రీ.శ. 200 ప్రాంతంలో. న్యాయమైన అభ్యంతరాలే. కానీ ఈ చెంపని నిజంగా అలాగే తిప్పినవాళ్ళు ఉన్నారు, అందుకే నాకు ఈ టాపిక్ అంటే ఇంత ఇష్టం.

జేమ్స్ లాసన్. మెథడిస్ట్ పాస్టర్, నల్లజాతి అమెరికన్. కొరియా యుద్ధానికి రమ్మంటే రానని జైలుకెళ్ళాడు. బయటికొచ్చాక మిషనరీగా ఎక్కడికొచ్చాడో తెలుసా, మన నాగపూర్‌కి! 1953 నుంచి 56 దాకా అక్కడ హిస్లాప్ కాలేజీలో పనిచేస్తూ గాంధీ సత్యాగ్రహం గురించి చదువుకున్నాడు. అమెరికా వాళ్ళు మనకి మిషనరీలని పంపారు, మనం వాళ్ళ మిషనరీకి సత్యాగ్రహం నేర్పి వెనక్కి పంపాం, ఈ సంగతి మన ప్రసంగాల్లో ఎందుకు రాదో నాకు అర్థం కాదు.

తిరిగెళ్ళాక నల్లవాళ్ళ హక్కుల ఉద్యమ నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ ఆయన్ని ఆలస్యం చెయ్యకుండా దక్షిణాదికి రమ్మన్నాడు. అమెరికా దక్షిణాదిలోని నాష్‌విల్ నగరంలో స్టూడెంట్స్‌ని కూర్చోబెట్టి లాసన్ ట్రైనింగ్ ఇచ్చాడు. ప్రార్థన, పాటలు మాత్రమే కాదండీ. కుర్చీలు వేసి కొందరు తెల్లవాళ్ళలా నటించేవాళ్ళు, బూతులు తిట్టేవాళ్ళు, కుర్చీలోంచి లాగేసేవాళ్ళు, మిగతావాళ్ళు తిరిగి చెయ్యెత్తకుండా ఉండడం ప్రాక్టీస్ చేసేవాళ్ళు. మొహం తిప్పడానికి కూడా ట్రైనింగ్ కావాలి, అది భయపడ్డవాడి పని కాదు.

అక్కడ షాపుల్లో పద్ధతేంటంటే, నల్లవాళ్ళకి సరుకు అమ్ముతారు, డబ్బు తీసుకుంటారు, కానీ పక్కనే ఉన్న భోజనం కౌంటర్ దగ్గర కూర్చోనివ్వరు. మన టీ హోటళ్ళలో దళితులకి వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి ఎరిగినవాళ్ళకి ఇంతకన్నా వివరణ అక్కర్లేదు. అదే పెడచెయ్యి. 1960 ఫిబ్రవరి 13న స్టూడెంట్స్ వెళ్ళి ఆ స్టూళ్ళ మీద కూర్చున్నారు. నిటారుగా కూర్చోవాలి, కౌంటర్ వైపే చూడాలి, తిరిగి కొట్టకూడదు, ఇవీ వాళ్ళ నియమాలు. అదే నెల 27న వాళ్ళని స్టూళ్ళ మీంచి లాగి కొట్టారు, అరెస్టయింది మాత్రం దెబ్బలు తిన్నవాళ్ళే.

ఆ రోజుల్లోదే ఒక ముచ్చట చెప్తారు, నాకు చాలా ఇష్టం. ఒక తెల్ల కుర్రాడు లాసన్ మొహాన ఉమ్మేశాడు. లాసన్ అతన్నే రుమాలు అడిగాడు. వాడు కంగారులో తీసిచ్చేశాడు! తుడుచుకుని, రుమాలు తిరిగిచ్చి, నీకు మోటార్ సైకిల్ ఉందా అని కబుర్లు మొదలెట్టాడట. ఉమ్మినవాడు ఇప్పుడేం చెయ్యాలి? వాడి దగ్గరున్న దెబ్బలన్నీ కిందవాణ్ణి కొట్టేవే, ఎదురుగా ఉన్నదేమో సాటి మనిషి.

ఏప్రిల్ 19న ఉద్యమం తరఫున వాదిస్తున్న లాయర్ ఇంటి మీద బాంబు వేశారు. వేలమంది మౌనంగా సిటీ హాల్ దాకా నడిచారు. డయాన్ నాష్ అనే స్టూడెంట్ మేయర్‌ని సూటిగా అడిగింది, ఇలా రంగు చూసి పక్కనపెట్టడం తప్పా కాదా అని, ఆయన తప్పేనని ఒప్పుకున్నాడు. మే 10 నుంచి ఆ కౌంటర్లలో నల్లవాళ్ళకి వడ్డించడం మొదలైంది. రాజకీయమే కదండీ ఇది? మరి వాక్యం కాదా?

ఇక్కడొక్క మాట, ఇది కట్ చెయ్యను. మా పిన్ని ఒకామె మొగుడు కొడుతున్నాడని సంఘంలో చెప్పుకుంటే, రెండో చెంప చూపించమ్మా, ప్రార్థన చెయ్యి అన్నారు. నేను చెప్తున్నదానికీ దానికీ సంబంధం లేదు. నాష్‌విల్‌లో అది పదిమంది కలిసి, తెలిసి, నలుగురి ముందు చేసిన పని. తలుపులు మూసిన ఇంట్లో ఒంటరిగా దెబ్బలు తినేవాళ్ళు ముందు బయటికి రావాలి, 112కి ఫోన్ చెయ్యాలి, అంతే. ఆ రోజు మా పిన్నికి ఈ మాట చెప్పినవాళ్ళు లేరు.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్తాను. "ఒక మైలు రమ్మంటే రెండు మైళ్ళు వెళ్ళు" కూడా ఇదే లెక్క. రోమన్ సైనికుడు దారినపోయేవాణ్ణి ఆపి మూట మోయించేవాడు, ఏసు సిలువ మోయడానికి కురేనీయుడైన సీమోనుని పట్టుకున్నట్టు. మొదటి మైలు వాడి బలవంతం, రెండోది నా ఇష్టం. ఇక "పై అధికారులకి లోబడండి" అన్న రోమా పత్రిక 13 ఎత్తుతారు మీరు, తెలుసు నాకు, రాసిన పౌలు మాత్రం ఎన్నిసార్లు జైలుకెళ్ళాడో లెక్కపెట్టండి. 1963లో అమెరికాలోని బర్మింగ్‌హామ్ జైల్లోంచి కింగ్ ఉత్తరం రాసింది కూడా పోలీసులకి కాదు, ఓపిక పట్టండి, రోడ్డెక్కకండి అన్న ఎనిమిదిమంది తెల్ల మతపెద్దలకి.

మన దగ్గరికొస్తే, ఎస్సీలు ఎవరో తేల్చిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు సంగతి ఉంది. దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది, తర్వాత 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు, మనవాళ్ళకి ఇప్పటికీ లేదు, ఏపీలో బీసీ-సీ కింద ఒక శాతం రిజర్వేషన్. దాని గురించి మాట్లాడితే రాజకీయం అంటారు, ఒకే ఊళ్ళో మాలపల్లెకో చర్చి, మాదిగపల్లెకో చర్చి ఉంటే మాత్రం అది రాజకీయం కాదట. ఆ పెడచెయ్యి మనలో మనదే. దీని మీద విడిగా వీడియో చేస్తాను, తిట్లు ఇప్పుడే రాసి పెట్టుకోండి.

అన్నట్టు, ఆ ఎదురుగా నిలబెట్టిన మనిషిని ఇక కూర్చోమనండి.