పిల్లి ఫుడ్ ప్యాకెట్ వెనక్కి తిప్పి చూద్దాం: మూడు రకాలు, గ్రాముల లెక్క, రోజు ఖర్చు

నమస్కారం అండి. బెజవాడలో గానీ గుంటూరులో గానీ పెట్ షాపుకి వెళ్లి "పిల్లికి మంచి ఫుడ్ ఏదండీ" అని అడగండి. షాపాయన వెంటనే ఒక ప్యాకెట్ తీసి కౌంటర్ మీద పెడతాడు. పిల్లి వయసెంత, బరువెంత, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారా అని అడిగేవాళ్లు తక్కువ. అందుకని ఇవాళ మన టేబుల్ మీదున్న మూడింటికీ పేర్ల మీద టేప్ అంటించాం. ఒకే కంపెనీలో కూడా ఫ్లేవర్ మారితే అంకెలు మారతాయి, కాబట్టి పేరు కన్నా వెనకవైపు చదవడం వస్తే చాలు.

ముందు కనపడేది ఒక చేప బొమ్మ, మెరిసే పిల్లి బొమ్మ. దాన్ని వదిలేసి వెనక్కి తిప్పండి. మొదట వెతకాల్సింది "కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్" అనే మాట, దాని పక్కనే అది ఏ వయసు పిల్లికో. ఈ మాట చాలా ప్యాకెట్ల మీద ఆఫ్కో అనే అమెరికా సంస్థ ప్రమాణాల పేరుతో ఉంటుంది. ఆ లెక్క ప్రకారం తేమ తీసేశాక పెద్ద పిల్లికి కనీసం 26 శాతం ప్రొటీన్, పిల్లి పిల్లకి 30 శాతం, ఇద్దరికీ కొవ్వు 9 శాతం ఉండాలి. ఇది కనీసం మాత్రమే, పాస్ మార్కులు అనుకోండి. "కాంప్లిమెంటరీ" అనో "ట్రీట్" అనో ఉంటే అది భోజనం కాదు, చిరుతిండి. గొట్టంలో నుంచి నాకించే క్రీమీ ట్రీట్లు చాలావరకు ఈ కోవలోవే. పిల్లి వాటి కోసం ఎగబడుతుంది కదా అని అవే పెడితే పోషకాలు సరిపోవు.

రెండోది టారిన్ అనే పోషకం. ఇంగ్రీడియెంట్స్ చివర్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. కుక్క దీన్ని చాలావరకు ఒంట్లోనే తయారుచేసుకుంటుంది, పిల్లికి ఆ శక్తి చాలా తక్కువ. ఇది తక్కువైతే కంటిలోని రెటీనా దెబ్బతింటుంది, గుండె కండరం సాగి బలహీనపడుతుంది. గుండె జబ్బుకీ టారిన్ లోపానికీ ఉన్న సంబంధం బయటపడింది 1987లో. ఆ తర్వాతే కంపెనీలు ఫుడ్‌లో టారిన్ పెంచాయి. ఇంట్లో కుక్క కూడా ఉంది, ఇద్దరికీ ఒకే సంచి కొంటే కలిసొస్తుంది అనుకునేవాళ్లు ఇక్కడ ఆగండి. కుక్క ఫుడ్ ఒక పూట తింటే ఏమీ కాదు, నెలల తరబడి పెడితే ఇదే జరుగుతుంది.

ఇప్పుడు అంకెలు, అన్నీ శాతాల్లో. కెమెరా దగ్గరికి తెస్తున్నా, చూడండి. మొదటి ప్యాకెట్, చవక రకం డ్రై ఫుడ్: ప్రొటీన్ 28, కొవ్వు 9, పీచు 5, తేమ 10. రెండోది, ఖరీదు ఎక్కువున్న డ్రై ఫుడ్: ప్రొటీన్ 36, కొవ్వు 16, పీచు 3.5, తేమ 10. మూడోది 85 గ్రాముల గ్రేవీ పౌచ్: ప్రొటీన్ 9, కొవ్వు 3, పీచు 1, తేమ 83. పౌచ్ మీద 9 చూసి "అబ్బే, ఇందులో ఏముంది" అని పక్కన పడేస్తారు. నీళ్లు తీసేసి చూడాలి. 100లో 83 నీళ్లు పోతే మిగిలింది 17. అందులో 9 ప్రొటీన్, అంటే 53 శాతం. రెండో ప్యాకెట్‌లో 90లో 36, అంటే 40 శాతం. మొదటిది 90లో 28, అంటే 31. వరస తిరగబడింది కదా!

పిండిపదార్థం ఎంతో లేబుల్ మీద సాధారణంగా రాయరు, మనమే తీయాలి. 100లోంచి ప్రొటీన్, కొవ్వు, పీచు, తేమ, బూడిద తీసేయండి. బూడిద అంటే ఖనిజాలు. రాయకపోతే డ్రై ఫుడ్‌కి 8, పౌచ్‌కి 2 వేసుకోండి. మొదటి దాంట్లో 40 వస్తుంది, రెండో దాంట్లో 26.5, పౌచ్‌లో 2. పిల్లికి పిండి విషమేం కాదు, ఉడికినది కొంత అరిగించుకుంటుంది. కానీ మొదటి ప్యాకెట్ ఇంగ్రీడియెంట్స్ చూస్తే మొక్కజొన్న, తర్వాత తవుడు, తర్వాత మొక్కజొన్న గ్లూటెన్, అప్పుడు పౌల్ట్రీ మీల్. బరువు ఎక్కువున్నది ముందు రాయాలి కాబట్టి, ఒకే ధాన్యాన్ని ముక్కలుగా విడగొట్టి రాస్తే ఎంత ఉందో తెలియకుండా పోతుంది. మొక్కజొన్న పేర్లు రెండూ కలిపి చదువుకోండి.

"మీల్" అన్న మాట చూసి భయపడక్కర్లేదు. చికెన్ మీల్ అంటే నీళ్లూ కొవ్వూ తీసేసిన మాంసం పొడి, ప్రొటీన్ చిక్కగా ఉంటుంది. "ఫ్రెష్ చికెన్" మొదట ఉన్నా అందులో 70 శాతం దాకా నీళ్లే. ఏ జంతువుదో చెప్పకుండా ఉత్త "మీట్ మీల్" అని రాసిన దాని కన్నా "చికెన్ మీల్" అని తెగేసి రాసింది నయం. ఇక "ట్యూనా ఫ్లేవర్" అంటారా, ఆఫ్కో నియమంలో ఫ్లేవర్ అంటే రుచి తెలిస్తే చాలు, "విత్ ట్యూనా" అంటే 3 శాతం చాలు. గ్రెయిన్ ఫ్రీ అని రాసినవాటిలో ధాన్యం బదులు బంగాళాదుంప, బఠాణీ ఉంటాయి, పిండి పిండే.

ఎంత పెట్టాలి? 4 కిలోల పెద్ద పిల్లి, ఆపరేషన్ అయింది, ఇంట్లోనే ఉంటుంది అనుకుందాం. రోజుకి 200 నుంచి 240 కిలోక్యాలరీలు. మనం 200తో మొదలుపెడదాం. మొదటి ఫుడ్ 100 గ్రాములకి సుమారు 315, కాబట్టి 63 గ్రాములు. రెండోది 355, 56 గ్రాములు. పౌచ్ ఒక్కోటి 54, అంటే నాలుగుకి కొంచెం తక్కువ. కిలో 250, కిలో 600, పౌచ్ 45 రూపాయలు అనుకుంటే రోజు ఖర్చు 16, 34, 167. కిలో ధరలో రెండున్నర రెట్లు తేడా, రోజు ఖర్చులో రెండు రెట్లు చాలు. మా ఓటు మాత్రం మధ్యదారికి: ఒక పౌచ్, 40 గ్రాముల రెండో రకం డ్రై ఫుడ్. 196 కిలోక్యాలరీలు, 69 రూపాయలు. గిన్నెతో కొలవొద్దు, వంటింటి ఎలక్ట్రానిక్ కాటా మీద తూయండి. రోజూ 10 గ్రాములు ఎక్కువ పడితే పిల్లికది ఆరో వంతు భోజనం. పక్కటెముకలు వేళ్లకి తేలిగ్గా తగలాలి. వెతుక్కోవాల్సి వస్తే 10 శాతం తగ్గించండి.

పౌచ్ ఎందుకంటే, నీళ్ల కోసం. పిల్లికి సహజంగా దాహం తక్కువ. 4 కిలోల పిల్లికి తిండితో కలిపి రోజుకి సుమారు 200 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి, ఒక్క పౌచ్‌లోనే 70 దాకా ఉంటాయి. మన రోళ్లు పగిలే ఎండల్లో ఇది చిన్న విషయం కాదు. మూత్రం చిక్కబడితే, ముఖ్యంగా మగపిల్లికి, మూత్రనాళం మూసుకుపోయే ప్రమాదం ఉంది. మట్టిపెట్టె దగ్గర పదేపదే కూర్చుని, ముక్కుతూ, చుక్క కూడా రాకపోతే అది మలబద్ధకం అనుకుని తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

ఎండల్లో ఇంకో చిక్కు, ఫుడ్ పాడవడం. మే నెలలో పౌచ్ విప్పి గిన్నెలో వేస్తే గంట దాటితే తీసేయండి. పౌచ్‌లో మిగిలింది మూతపెట్టి ఫ్రిజ్‌లో, రెండు రోజుల్లోపు అయిపోవాలి. పెట్టేముందు వేడినీళ్ల గిన్నెలో కాసేపు ఉంచితే వాసన వస్తుంది, చల్లటిది చాలా పిల్లులు ముట్టవు. డ్రై ఫుడ్ లూజుగా కొలిచి అమ్మేది కొనకండి. ఎప్పుడు విప్పారో తెలియదు, బ్యాచ్ నంబరుండదు, వానాకాలం తేమకి బూజు పట్టొచ్చు. ఇంటికి తెచ్చాక కూడా సంచిలోంచి డబ్బాలోకి ఒంపొద్దు, సంచితో సహా డబ్బాలో పెట్టి మూత బిగించండి. డబ్బా గోడలకి అంటిన కొవ్వు ముక్కిపోయి కొత్త ఫుడ్‌ని కూడా పాడుచేస్తుంది. ఒక్క పిల్లి ఉన్న ఇంటికి 10 కిలోల బస్తా ఆఫర్ ఎంత ఊరించినా, నెలన్నరలో అయ్యేదే కొనండి. చీమలకి మందు జల్లక్కర్లేదు, గిన్నెని నీళ్లున్న పళ్లెంలో పెట్టండి.

మరి ఇంట్లో తిండి? పెరుగన్నం, పాలన్నంతో బతికిన పిల్లులు మన వీధుల్లో బోలెడు, నిజమే. అవి పక్కన ఎలకల్నీ బల్లుల్నీ కూడా తింటాయి, ఆ భాగం మనకి కనపడదు. చాలా పెద్ద పిల్లులకి పాలు పడవు, విరేచనాలు అవుతాయి. చేపల పులుసులో ముక్క కడిగి పెట్టడం అన్నిటికన్నా చెడ్డది. కారం కడిగితే పోతుందేమో, ఉల్లి, వెల్లుల్లి సారం పోదు, అది ఎర్ర రక్తకణాల్ని పగలగొడుతుంది. నీరసం, పాలిపోయిన చిగుళ్లు రెండు మూడు రోజుల తర్వాత బయటపడతాయి, అప్పటికి పులుసు సంగతి మనం మర్చిపోయి ఉంటాం. ఉప్పు చేపలు వద్దు. పచ్చి చేపే రోజూ పెడితే కొన్ని రకాల్లో ఉండే ఎంజైము బి1 విటమిన్‌ని నాశనం చేస్తుంది. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన, ఎముక తీసిన చికెన్ రోజుకి 12 గ్రాములు ఫర్వాలేదు. అంతమేర డ్రై ఫుడ్ 5, 6 గ్రాములు తగ్గించండి. మీరే పూర్తిగా వండిపెట్టాలనుకుంటే క్యాల్షియం, టారిన్, విటమిన్ల కొలతలు డాక్టరు చేత రాయించుకోండి. ఆ అంచనా చేత్తో వేసేది కాదు.

ఫుడ్ మార్చేటప్పుడు మొదటి రెండు రోజులు పావు వంతు కొత్తది, తర్వాత రెండేసి రోజులకి సగం, ముప్పావు, ఏడో రోజు పూర్తిగా. విరేచనం పలచబడితే వెనకటి మెట్టు దగ్గర రెండు రోజులు ఆగండి. "ఆకలేస్తే అదే తింటుంది" అని పంతం పట్టొద్దు. లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కొవ్వు కాలేయంలోకి చేరి ప్రాణం మీదికొస్తుంది. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే పాత ఫుడ్ మళ్లీ పెట్టండి, అదీ తినకపోతే దగ్గర్లోని పశువైద్యశాలకి తీసుకెళ్లండి. గన్నవరం పశువైద్య కళాశాల మనకి ఎంతో దూరం కాదు.

కామెంట్లో బ్రాండ్ పేరు రాసి "మంచిదేనా" అని అడగకండి. ప్యాకెట్ వెనక ఉన్న నాలుగు అంకెలు, టారిన్ ఉందో లేదో, పిల్లి వయసు, బరువు రాయండి. రోజుకి ఎన్ని గ్రాములో లెక్క కట్టి చెప్తాం.