కవరు ఒకచోట, మాటలు ఇంకోచోట

హోస్ట్: నమస్తే అండీ. ఈరోజు మన అతిథి పాత తపాలా కవర్లు సేకరిస్తారు. సార్, ఈ కవరు మీద ఐదో జార్జి స్టాంపు, దానిమీద ఐ.ఇ.ఎఫ్. అని నల్ల అక్షరాలున్నాయి. ఏమిటవి?

అతిథి: ఇండియన్ ఎక్స్‌పెడిషనరీ ఫోర్స్ అమ్మా. 1914లో మొదటి ప్రపంచ యుద్ధానికి పంపిన మన దళాల కోసం మామూలు స్టాంపుల మీదే ఆ అక్షరాలు ముద్రించారు. పక్కన గుండ్రటి ముద్ర ఫీల్డ్ పోస్టాఫీసుది, అంటే సైన్యం వెంట ఉండే తపాలా ఆఫీసుది. నంబరే ఉంటుంది, ఊరి పేరుండదు. దళం ఎక్కడుందో బయటపడకూడదు కదా.

హోస్ట్: మరి లోపల ఉత్తరం?

అతిథి: లేదమ్మా. నా బాధంతా అదే. మా సేకర్తల్లో చాలామంది స్టాంపుకీ ముద్రకీ, ఉత్తరాల్ని తనిఖీ చేసే సెన్సార్ వేసిన గుర్తుకీ డబ్బు పెడతారు. ఉర్దూలోనో గురుముఖిలోనో రాసిన కాగితాన్ని చదవగలిగేవాళ్లు తక్కువ. దాంతో దాన్నెవరూ పట్టించుకోరు.

హోస్ట్: అయితే వాళ్లేం రాశారో మనకెలా తెలిసింది?

అతిథి: సెన్సార్ పుణ్యమే. 1914 సెప్టెంబరులో మన సిపాయిలు ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవులో దిగారు. వాళ్ల ఉత్తరాలు చదవడానికి ఫ్రాన్స్‌లోనే ఒక ఆఫీసు పెట్టారు. హోవెల్ అనే అధికారి దాన్ని చూసేవాడు. సిపాయిల మనసెలా ఉందో పైవాళ్లకు తెలియాలని కొన్ని భాగాలు ఇంగ్లీషులోకి మార్చి నివేదికలు పంపేవారు. అవి ఇప్పుడు లండన్‌లో, బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అసలు ఉత్తరాలేమో ఊళ్లకు వెళ్లిపోయాయి. లండన్‌లో మాటలున్నాయి, కాగితం లేదు. నా దగ్గర కవరుంది, మాట లేదు.

హోస్ట్: ఎవరో చదువుతున్నారని సిపాయిలకు తెలుసా?

అతిథి: తెలుసు. ఒకాయన రాశాడు, నల్ల మిరియాలు అయిపోయాయి, ఇక ఎర్రవి వాడుతున్నారని. నల్లవంటే మనవాళ్లు, ఎర్రవంటే తెల్ల సిపాయిలు. అంతగా చచ్చిపోతున్నారని చెప్పడం. పైగా చాలామందికి రాయడం రాదు. తోటివాడు రాసిపెట్టాలి, ఆఫీసరు చూడాలి, సెన్సార్ చూడాలి, ఊళ్లో ఇంకెవరో చదివి వినిపించాలి. భార్యతో చెప్పుకోవాలనుకున్న మాట ఇంతమంది చెవిన పడేది. నాకైతే అది తలుచుకుంటేనే గుండె బరువెక్కుతుంది.

హోస్ట్: మన తెలుగువాళ్ల సంగతి?

అతిథి: మద్రాస్ శాపర్స్ అనే సైనిక ఇంజనీర్ల దళంలో తెలుగువాళ్లూ ఉండేవారు. ఆ దళం మెసొపొటేమియాలో, అంటే ఇప్పటి ఇరాక్‌లో పనిచేసింది. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం ఉందిగా, తరతరాలుగా సైన్యంలో చేరే ఊరు. అలాంటి చోట్ల పాత ట్రంకు పెట్టెలు ఒకసారి వెతకమంటాను.

హోస్ట్: దొరికితే ఏం చేయాలి?

అతిథి: స్టాంపు కత్తిరించొద్దు. లామినేషన్ వద్దు, సెల్లోటేపు అసలే వద్దు, కాలం గడిచేకొద్దీ దాని జిగురు పసుపు మరకై కాగితాన్ని తినేస్తుంది. ముందు రెండువైపులా ఫొటో తీయండి. ఉత్తరం ఎవరు ఎవరికి రాశారో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి వేరే కాగితం మీద రాసిపెట్టండి. డబ్బు అవసరమై అమ్మాల్సి వస్తే కవరూ ఉత్తరమూ కలిపే అమ్మండి. కవరు ఒక్కటీ చాలని నేనొచ్చి అడిగినా ఇవ్వకండి.