వజ్రాల మధ్య గడ్డకట్టిన నీటిచుక్క

మిత్రులారా, నమస్కారం.

గాజు సీసా నిండా నీళ్లు పోసి ఫ్రీజర్‌లో పెట్టి మర్చిపోతే, తెల్లారేసరికి అది పగిలి ఉంటుంది. గడ్డకట్టేటప్పుడు నీటి అణువు ఒక్కొక్కటి నాలుగింటితోనే చేతులు కలిపి, నడుమ బోలెడు ఖాళీ వదులుతుంది. సీసాలో చోటు చాలకపోవడానికీ, మంచుగడ్డ నీళ్లపై తేలడానికీ ఆ ఖాళీయే కారణం.

ఆ నీటిని బయటినుంచి నొక్కేస్తే? మొదట నీరు గడ్డకట్టనని మొరాయిస్తుంది. మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి సుమారు 2,000 రెట్ల దగ్గర, మైనస్ 22 డిగ్రీల దాకా ద్రవంగానే ఉంటుంది. అది దాటాక మాత్రం కథ అడ్డం తిరుగుతుంది: నొక్కేకొద్దీ ఇంకా ఎక్కువ వేడి దగ్గరే గడ్డకడుతుంది. ఇదంతా అమెరికాలోని హార్వర్డ్‌లో భౌతిక శాస్త్రవేత్త పెర్సీ బ్రిడ్జ్‌మన్ 1912లోనే కొలిచి చూపించారు. లోపల పీడనం పెరిగేకొద్దీ తనంతట తానే ఇంకా బిగుసుకుని, లీకు కాకుండా ఆపే సీలు తయారు చేశారాయన. 1946లో నోబెల్ వచ్చింది ఇలాంటి పరికరాలకే. నాకైతే ఆ సీలు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇప్పటి ల్యాబుల్లో వజ్రాలు వాడతారు. రెండు వజ్రాల మొనలు ఎదురెదురుగా, మధ్యలో లోహపు రేకు, రేకులో సన్నటి రంధ్రం, అందులో నీటిచుక్క. స్క్రూలు చేత్తో తిప్పితే చాలు. ముల్లు మొన సన్నం కాబట్టే కదా కాల్లో దిగుతుంది! వజ్రం గుండా సూక్ష్మదర్శినిలో అంతా కనిపిస్తుంది. ఏసీ కూడా అక్కర్లేని మామూలు గదిలో, 10,000 రెట్ల పీడనం దాటగానే మంచు పలుకులు మొలుస్తాయి. స్క్రూ కాస్త వదులు చేస్తే ఒక్కొక్కటే అంచులు గుండ్రబడి కరుగుతాయి. చివరి పలుకు మిగిలినప్పుడు మళ్లీ బిగిస్తే, అది పదునుదేరి, పెరిగి రంధ్రమంతా నిండుతుంది. అణువుల అల్లికను బట్టి మంచు రకాలకు వరుస అంకెలు పెట్టారు; ఇది ఆరో రకం మంచు. నీళ్లలో మునుగుతుంది.

21,000 రెట్లు దాటితే ఏడో రకం. రెండు అణువుల అల్లికలు ఒకదానిలో ఒకటి దూరి ఖాళీలను పూడ్చేస్తాయి. ఇంకాస్త నొక్కితే 100 డిగ్రీల వేడిలోనూ ఇది కరగదు.

భూమి మీద ఇది సహజంగా దొరుకుతుందని చాలాకాలం ఎవరికీ తెలియదు. 2018లో ఆఫ్రికా, చైనా వజ్రాలను ఎక్స్‌రేలతో పరీక్షిస్తుంటే లోపల కనబడింది. వందల కిలోమీటర్ల లోతున, ఆ వేడిలో అది మంచు కాదు, ద్రవమే. వజ్రం పెరుగుతూ దాన్ని మింగేసింది. పైకొచ్చాక చల్లారింది గానీ పట్టు వదల్లేదు. అరచేతిలో పెట్టుకునే ఆ వజ్రంలో, ఈ క్షణానికీ, ఆ నీరు ఇంకా భారీ పీడనంలోనే గడ్డకట్టి ఉంది.