చీలమండ కీహోల్ సర్జరీ: కోత చిన్నదే, రిస్క్ ఎక్కడుంది?

[తెరపై: చీలమండ ముందు భాగం, రెండు చుక్కలు]

చీలమండకు కీహోల్ సర్జరీ అంటే చర్మంపై అర సెంటీమీటరు కోతలు రెండు. ఒకదాంట్లో కెమెరా గొట్టం, రెండోదాంట్లో పరికరాలు. ఆ గొట్టం లావు 2.7 లేదా 4 మిల్లీమీటర్లు. కుట్లు చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. కానీ చర్మానికీ కీలుకూ మధ్య ఉన్న ఆ కాస్త మందంలోనే నరాలు, రక్తనాళాలు, టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు) పక్కపక్కనే ఉంటాయి. కెమెరా కీలు లోపలంతా చూపిస్తుంది, లోపలికి వెళ్లే దారిని మాత్రం చూపించదు. ఈ సర్జరీలో వచ్చే సమస్యల్లో నరానికి దెబ్బ తగలడమే ఎక్కువ కావడానికి కారణం ఇదే.

[క్లోజప్: నాలుగో వేలిని కిందికి వంచుతున్న చెయ్యి]

ముందు, బయటి వైపు పెట్టే కోత దగ్గర సూపర్‌ఫిషియల్ పెరోనియల్ నరం చర్మం కిందే ఉంటుంది. అది అందరిలో ఒకే చోట ఉండదు. పాదాన్ని కిందికీ లోపలికీ తిప్పి నాలుగో వేలిని వంచితే, చాలామందిలో నరం సన్నగా ఉబ్బి కనిపిస్తుంది. సర్జన్ దాన్ని పెన్నుతో గీసి పెట్టుకుంటారు. పాదం మామూలు స్థితికి రాగానే నరం ఆ గీత నుంచి బయటి వైపుకు జరుగుతుంది. కాబట్టి కోత గీతకు లోపలి వైపున పడితే మేలు.

బ్లేడు చర్మం వరకే. ఆ కింద మస్కిటో ఫోర్సెప్స్ అనే సన్నని, మొద్దు మొనల పట్టుకారుతో కణజాలాన్ని విడదీస్తూ వెళ్లాలి. ఇంత జాగ్రత్త పడినా నరం సాగితే పాదం పైన తిమ్మిరి, మంట రావచ్చు. సాగిన నరం సాధారణంగా నెలల్లో కోలుకుంటుంది. తెగితే ఆ తిమ్మిరి ఉండిపోవచ్చు.

లోపలి వైపు కోత దగ్గర సఫీనస్ నరం, సిర ఉంటాయి. చీలమండ మధ్యలో పాదానికి వెళ్లే ధమని ఉంటుంది కాబట్టి అక్కడ సాధారణంగా కోత పెట్టరు. వెనక నుంచి చేసేటప్పుడు బొటనవేలిని వంచే టెండనే హద్దు. దానికి లోపలి వైపున టిబియల్ నరం, ధమని ఉంటాయి. పరికరం ఆ హద్దు దాటకూడదు.

[తెరపై: 9%, 3.5%]

1996లో వచ్చిన 612 మంది రోగుల అధ్యయనంలో 9 శాతం మందికి సమస్యలొచ్చాయి. వాటిలో దాదాపు సగం నరాలవే. 2012లో 1,305 సర్జరీలను చూస్తే 3.5 శాతం. ఈ రెండో బృందం కీలును అదే పనిగా లాగి పట్టకుండా, అవసరమైనప్పుడే లాగుతూ, పాదాన్ని పైకి వంచి పనిచేసింది. అలా వంచితే కీలు ముందు పొర వదులై చోటు దొరుకుతుంది.

[తెరపై: బొటనవేలి ఎముకపై తిరిగే బర్]

కాలి బొటనవేలి వంకరకు చేసే చిన్న కోతల సర్జరీలో సమస్య వేరు. అక్కడ ఎముక కోసే బర్ వేడెక్కి చర్మాన్నీ ఎముకనూ కాల్చగలదు. వేగం తగ్గించి, నీళ్లు పోస్తూ ఉండాలి. ఎముక అతుక్కోకపోవడం, స్క్రూ గుచ్చుకోవడం కూడా జరుగుతాయి.

ఇంటికి వెళ్లాక వాపు, కాస్త నొప్పి మామూలే. కోత నుంచి రోజుల తరబడి నీరు కారుతుంటే కీలు ద్రవమే బయటికి దారి చేసుకుని ఉండవచ్చు. ఎరుపు, జ్వరం, చీము ఇన్ఫెక్షన్ గుర్తులు. ఇవి కనిపిస్తే అదే రోజు సర్జన్‌కు చూపించాలి. నొప్పి రోజురోజుకూ పెరుగుతూ, బట్ట తగిలినా భరించలేనట్టుంటే, చర్మం రంగు మారుతుంటే, సీఆర్‌పీఎస్ (కాంప్లెక్స్ రీజినల్ పెయిన్ సిండ్రోమ్, దెబ్బకు మించి నొప్పి ముదిరే జబ్బు) ఏమో చూడాలి. దానికి త్వరగా వైద్యం మొదలుపెడితేనే ఫలితం.

పిక్కలో కొత్తగా నొప్పి, వాపు వస్తే రక్తం గడ్డ కట్టిందేమో చూపించాలి. కాలు కదలకుండా కట్టు వేసిన వాళ్లలో, ఇంతకుముందు గడ్డలు వచ్చిన వాళ్లలో ఈ భయం ఎక్కువ. ఆయాసం లేదా ఛాతీనొప్పి తోడైతే ఫోన్ చేసి సలహా అడుగుతూ కూర్చోకండి, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.