అరవలేనివారి దగ్గరికి ముందుగా

ఈ సంస్మరణ సభలోని పెద్దలకు, సహోద్యోగులకు, అందరికన్నా ముందు ఆయన కుటుంబ సభ్యులకు నమస్కారం.

ఆహ్వాన పత్రంలో ఆయన పేరు కింద మూడు మాటలు అచ్చు వేయించారు: మాజీ సైనికుడు, ఆరోగ్య కార్యకర్త, కుటుంబమే ప్రాణంగా బతికిన మనిషి. మూడూ నిజాలే. అయితే అత్యవసర విభాగంలో 12 ఏళ్ళు ఆయన పక్కన పనిచేసిన నాకు అవి మూడు వేర్వేరు జీవితాలుగా ఎన్నడూ కనిపించలేదు. సైన్యంలో వైద్య సహాయకుడిగా క్షతగాత్రుల మధ్య తిరిగినప్పుడు అబ్బిన ఒక అలవాటే ఆయన వెంట ఆసుపత్రికి వచ్చింది, ఇంటికీ వెళ్ళింది. నేను చెప్పదలచుకున్నది ఆ అలవాటు గురించే.

ప్రమాదం జరిగి ఒకేసారి పదిమందిని తీసుకొస్తే, కొత్తగా చేరిన మేము ఎవరు గట్టిగా కేకలు పెడుతుంటే వారి దగ్గరికి పరుగెత్తేవాళ్ళం. ఆయన మాత్రం గోడవారన చప్పుడు లేకుండా పడి ఉన్నవారి వైపు నడిచేవారు. ఎందుకని అడిగితే, “అరుస్తున్నాడంటే ఊపిరి ఆడుతున్నట్టే కదా, ముందు అరవలేనివాణ్ణి చూడు” అనేవారు. వైద్యంలో దీనికి ట్రయాజ్ అని పేరు. ఏరి వేరుచేయడమనే అర్థం గల ఫ్రెంచి మాట అది. తరువాతి కాలంలో నెపోలియన్ సేనకు ప్రధాన శస్త్రవైద్యుడైన డొమినిక్ లారే, 1792లో గుర్రపు బండ్లపై క్షతగాత్రులను యుద్ధభూమి నుంచి వెంటనే తరలించే ఏర్పాటు చేయడమే కాక, హోదాను పక్కనపెట్టి గాయం తీవ్రతను బట్టే చికిత్స జరగాలని పట్టుబట్టాడు. ఒకేసారి చాలామంది గాయపడినప్పుడు వారిని వేరుచేయడానికి 1983లో కాలిఫోర్నియాలో రూపొందిన స్టార్ట్ పద్ధతిలోనూ ఆ ఆలోచనే ఉంది: నడవగలిగినవారికి పచ్చ చీటీ ఇచ్చి పక్కన కూర్చోబెడతారు, నిమిషానికి 30 కన్నా ఎక్కువసార్లు ఊపిరి తీస్తున్నవారికి వెంటనే చికిత్స కావాలని ఎర్ర చీటీ కడతారు. మాకు ఈ 30 అంకెను ఆయన ఎక్కంలా వల్లె వేయించారు.

సైన్యం విడిచిపెట్టాక ఆయనకు దారి సులువుగా దొరకలేదు. బాంబు ముక్క చీల్చిన తొడకు కట్టు బిగించి రక్తం ఆపిన చేతులే అయినా, చూపించడానికి తగిన పత్రం లేకపోవడంతో మొదట స్ట్రెచర్లు తోసే పనిలో చేరారు. ఆ రోజుల సంగతి వచ్చినప్పుడల్లా అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం కథ చెప్పేవారు. నౌకాదళంలో వైద్య సహాయకులుగా పనిచేసి వచ్చిన నలుగురితో అక్కడ యూజీన్ స్టెడ్ అనే వైద్యుడు 1965లో ఒక శిక్షణ మొదలుపెట్టగా, వారిలో ముగ్గురు 1967లో దానిని పూర్తిచేశారు. వైద్యులతో కలిసి రోగులను పరీక్షించి చికిత్స చేసే ఫిజీషియన్ అసిస్టెంట్ అనే వృత్తి అలా పుట్టింది. “వాళ్ళను ఎవరో ఒకరు గుర్తించారు” అని ఆయన కథ ముగించేవారు. అందులో అసూయ లేదు గాని, కొంచెం నొప్పి ఉండేదని నా అనుమానం. రాత్రిపూట చదువుకుని పరీక్షలు రాసి, మా విభాగంలోకి రావడానికి ఆయనకు ఏళ్ళు పట్టింది.

ఇక ఇంటి విషయం. సంస్మరణ సభల్లో మంచి మాత్రమే చెప్పడం ఆనవాయితీ గాని, ఆయన సతీమణి గారి అనుమతితోనే ఈ మాట చెబుతున్నాను. “మా ఇంట్లో అందరివీ పచ్చ చీటీలే బాబూ, నడవగలిగినవాళ్ళం కదా, ఆగగలం” అని ఆమె ఒకసారి నాతో అన్నారు. నవ్వుతూనే అన్నారు. పండుగలు ఆగాయి, ప్రయాణాలు ఆగాయి, పిల్లల బడిలో ఆయన కోసం వేసిన కుర్చీలు ఖాళీగా ఉండిపోయాయి. కుటుంబమే ప్రాణం అన్న మాట వెనుక ఆ కుటుంబం ఎంత వేచి ఉందో కూడా మనం లెక్కలో వేసుకోవాలి.

అయినా ఇంట్లోనూ ఆయన చూపు తప్పేది కాదట. ముగ్గురు పిల్లల్లో పెద్దవాడు గొడవ చేసేవాడు, చిన్నవాడు ఏడ్చేవాడు. రెండో అమ్మాయి ఏమీ అడిగేది కాదు. నైట్ డ్యూటీ నుంచి వచ్చాక ఆయన బూట్లు విప్పుకుంటూ మొదట పలకరించింది ఎప్పుడూ ఆ అమ్మాయినే. పరీక్ష తప్పిన సంగతి ఆమె మూడు రోజులు దాచిపెడితే, ఏమీ అడగకుండానే పక్కన కూర్చుని పుస్తకం తెరిచింది ఆయనే.

చివరి వారం ఆసుపత్రిలో ఎవరు వచ్చి అడిగినా ఆయన బాగానే ఉందని తల ఊపేవారు. మేమంతా నమ్మాం. ఆ రాత్రి మంచం పక్కన ఉన్నది రెండో అమ్మాయి. నాన్న మరీ నిశ్శబ్దంగా ఉన్నారని ఆమెకు తోచింది. గడియారం చూస్తూ నిమిషం పాటు ఆయన ఊపిరి లెక్కపెట్టింది. 34 వచ్చింది. లేచి వెళ్ళి నర్సును పిలుచుకొచ్చింది.