డెడ్ అని నేనే చెప్పిన ఫోను

(పాలిటెక్నిక్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, ఎలక్ట్రానిక్స్ హెడ్ గారికి, లెక్చరర్లకి, ఫ్యాన్ కింద చోటు దొరికిన పిల్లలకి, దొరకని పిల్లలకి కూడా నమస్కారం. వేదిక మీద ఇంకా చాలామంది పెద్దలున్నారు. అందరి పేర్లూ చదివితే నాకిచ్చిన ఇరవై నిమిషాలూ అందులోనే అయిపోతాయి, మన్నించాలి.

నన్ను పరిచయం చేస్తూ ‘సాంకేతిక నిపుణులు’ అన్నారు. శాలువా కూడా కప్పారు. నేను సెల్లు రిపేరు చేసుకునేవాణ్ణి. గూడూరులో చిన్న అంగడి, పద్దెనిమిదేళ్లుగా అదే పని. ఛార్జింగ్ జాక్ మారుస్తా, డిస్‌ప్లే వేస్తా, నీళ్లలో పడ్డ బోర్డు కడుగుతా, సాఫ్ట్‌వేర్ కొడతా. లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం గురించి మాట్లాడమని నన్ను పిలిచారంటే, దాని వెనక మీ దగ్గర చదువుకుని వెళ్లిన ఒక కుర్రాడున్నాడని నాకు తెలుసు. వాడిప్పుడు చెన్నైలో ఉద్యోగం చేస్తున్నాడు. ఈ మైకు ముందు నిలబడాల్సింది నిజానికి వాడు.

సరే. ఈ ఫోను చూడండి. ముందు వరస నుంచి అందుకుని వెనక్కి పంపండి. వెనక కవరు మాత్రం లాగొద్దు, ఒక క్లిప్పు విరిగింది.

ఇది రెడ్‌మీ 2 ప్రైమ్. 2 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజీ, 4.7 అంగుళాల తెర. 2015 ఆగస్టు 10న విశాఖపట్నంలో విడుదల చేశారు. ధర 6,999 రూపాయలు. తయారైంది ఎక్కడో తెలుసా? మన శ్రీసిటీలో. షావోమీ వాళ్లు ఇండియాలో తయారుచేయించిన మొదటి ఫోను ఇదే. మీలో తడ, సూళ్లూరుపేట నుంచి వచ్చేవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చూశారా! తెల్లారుజామున కంపెనీ బస్సులు వరసగా పోతుంటాయి, నిద్ర కళ్లతో ఆడపిల్లలు కిటికీకి తల ఆనించి ఉంటారు. మా అక్క కూతురు కూడా రెండేళ్లు ఆ బస్సు ఎక్కింది. స్క్రూలు బిగించే వరసలో నిలబడేది. పండక్కి వస్తే వేళ్లు చూపించి ‘మామా, ఇవి ఇంక ముడవట్లేదు’ అనేది. ఈ ఫోను దాని చేతిమీదుగా పోయిందో లేదో నాకు తెలీదు. పోయుంటుందనే అనుకుంటా. అందుకే ఇలాంటి ఫోనుని చెత్తలో చూస్తే నాకు ఏదోలా ఉంటుంది. కానీ దీన్ని చెత్తలో వేసింది నేనే. అక్కడికి వస్తా.

ముందు మీ సబ్జెక్టు చెప్పాలి, లేకపోతే హెడ్ గారు ఊరుకోరు.

కంప్యూటర్‌లో లినక్స్ వేయాలంటే పెన్‌డ్రైవ్ పెట్టి నాలుగు నొక్కులు నొక్కితే అయిపోతుంది. ఫోన్లో ఎందుకు అవ్వదు? పైగా ఆండ్రాయిడ్ కింద ఉన్నది లినక్స్ కెర్నెలే, అంటే దాని గుండెకాయే కదా! ఇదే ప్రశ్న నేను ఆ కుర్రాణ్ణి అడిగా. వాడు నాకు తెలిసిన భాషలో చెప్పాడు. ‘అన్నా, కంప్యూటర్ని అడిగితే నాలో ఫలానా ఫలానా ఉన్నాయని అదే చెప్తుంది. ఫోను చెప్పదు. పాత ఇంట్లో గోడలో దాచిన వైరింగ్ లాంటిది. ఏ వైరు ఏ గదికి పోయిందో వేసినవాడికే తెలుసు, వాడు డ్రాయింగ్ ఇవ్వకుండా వెళ్లిపోయాడు.’ ఆ డ్రాయింగ్ పేరే డివైస్ ట్రీ. టచ్ ఏ పిన్ను మీద ఉంది, వైబ్రేటర్ ఏ లైను మీద ఉంది, తెరకి ఎన్ని వోల్టులు పోవాలి, అన్నీ రాసిపెట్టాలి. మోడల్ మారితే మళ్లీ మొదట్నించీ.

ఇంకో చిక్కుంది. చిప్పు చేసేవాళ్లు లినక్స్ కాపీ ఒకటి తీసుకుని, తమకి కావాల్సిన మార్పులు చేసి ఫోను చేసేవాళ్లకి ఇస్తారు. ఈ ఫోనుతో వచ్చిన కెర్నెల్ 3.10. అది 2013 నాటిది. అసలు లినక్స్ 4 దాటింది, 5 దాటింది, 2022లో 6లో అడుగుపెట్టింది. ఈ కాపీ మాత్రం ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. ఫోను బాగానే ఉంటుంది, బ్యాటరీ మారుస్తే కొత్తదానిలా ఉంటుంది, లోపలి సాఫ్ట్‌వేర్ ముసలిదైపోతుంది. మా దగ్గరికి వచ్చే పాత ఫోన్లలో చాలావాటికి దెబ్బ లేదు, తడి లేదు. యాప్‌లు రానంటున్నాయి, అంతే జబ్బు. దానికి మేం రాసే మందు ‘కొత్తది కొనుక్కోండి’.

టిఫిన్ పెద్దమ్మకీ అదే రాశా.

మా అంగడి సందు చివర ఒక పెద్దమ్మ ఇడ్లీ, దోసె వేస్తుంది. ఈ ఫోను ఆమెది. ఆమెకి రాయడం రాదు. అప్పు లెక్కలన్నీ ఫోన్లో రికార్డరు నొక్కి చెప్పుకునేది. ‘పాలాయన నూట నలభై. బ్యాంకు వాచ్‌మన్ అరవై, నిన్నటి ముప్ఫై కాకుండా.’ రాత్రి అంగడి కట్టేసి, చీపురు మూల పెట్టి, మెట్టు మీద కూర్చుని చెప్పుకునేది. నా బల్ల దగ్గరికి వినిపించేది. ఒకరోజు మనవడితో మాట్లాడే వీడియో యాప్ ఇందులో ఇంక పనిచేయనంది. పట్టుకొచ్చింది. ఆ రోజు నా బల్ల మీద ఏడు ఫోన్లున్నాయి, కరెంటు పోయి వచ్చి పోయి వస్తోంది. సరిగ్గా చూడను కూడా లేదు.

‘ఏం నాయనా, పోయిందా?’

‘పోయిందమ్మా. డెడ్. మూడొందలిస్తా, వదిలెయ్. కొత్తది వాయిదాల్లో తీసుకో.’

‘మరి నా లెక్కలు?’

‘అవన్నీ కొత్తదాంట్లోకి వస్తాయిలేమ్మా.’

ఎలా వస్తాయి? ఎవరు ఎక్కిస్తే వస్తాయి? నేనే ఎక్కించాలి. ఎక్కించలేదు. ఫోను తీసి పెయింటు డబ్బాలో పడేశా. మా మెకానిక్కులందరి దగ్గరా అలాంటి డబ్బా ఒకటుంటుంది, స్పేర్లకి పనికొస్తాయని దాస్తాం. ఆమె పదకొండు వేల కొత్త ఫోను వాయిదాల్లో కొనుక్కుంది.

ఏడాది తర్వాత ఆ కుర్రాడు ఛార్జింగ్ జాక్ కోసం వచ్చి, కూర్చున్నవాడు కూర్చున్నట్టు డబ్బా కెలికాడు. దీన్ని చూసి ఎగిరి గంతేశాడు. ‘అన్నా, ఇది స్నాప్‌డ్రాగన్ 410 చిప్పు! ఇది అవుతుంది!’ అన్నాడు. ఏమవుతుందిరా అంటే పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ అన్నాడు.

దాని గురించి రెండు మాటలు. పాత ఫోన్లలో ఆండ్రాయిడ్ బదులు వేసుకునే లినక్స్ అది. 2017 మేలో ఆలివర్ స్మిత్ అనే ఆయన ప్రకటించాడు. ఫోను పదేళ్లు బతకాలన్నది ఆయన పట్టు. ఆల్పైన్ లినక్స్ అని చాలా చిన్న డిస్ట్రిబ్యూషన్, అంటే లినక్స్‌లో ఒక రకం ఉంది, దాని మీద కట్టాడు. అంతకుముందు ఫోన్లలో లినక్స్ లేదా అంటే ఉంది. 2009లో నోకియా ఎన్900 వచ్చింది, మేమో అని నిఖార్సైన లినక్స్, 256 ఎంబీ ర్యామ్‌లో నడిచేది. ఉబుంటు అనే లినక్స్ వాళ్లు 2013లో ఫోన్ సిస్టం మొదలుపెట్టి 2017లో వదిలేస్తే యూబీపోర్ట్స్ అనే గుంపు ఎత్తుకుని ఇప్పటికీ పెంచుతోంది. అది వేరే కథ.

మన ఫోను అదృష్టం ఏంటంటే, ఇదే 410 కుటుంబం చిప్పుతో డ్రాగన్‌బోర్డ్ 410సీ అనే డెవలపర్ బోర్డు, అంటే ప్రోగ్రాములు రాసేవాళ్లు ప్రయోగాలకి వాడే బోర్డు వచ్చింది. ఆ బోర్డు కోసం రాసిన కోడంతా అసలు లినక్స్‌లో చేరింది. అంటే మన గోడ వెనక వైరింగ్‌లో సగం డ్రాయింగ్ అక్కడే దొరికేసింది. మిగతా సగం ఊరూ పేరూ తెలియని కుర్రాళ్లు ఇళ్లల్లో కూర్చుని రాశారు. ఎవరూ జీతం ఇవ్వలేదు వాళ్లకి. ఎలక్ట్రానిక్స్ పిల్లలూ, వింటున్నారా? అది మీరు చేయగలిగిన పని.

ఒక ఆదివారం షట్టరు సగం దించుకుని కూర్చున్నాం. వాల్యూమ్ తగ్గించే బటనూ పవరూ కలిపి నొక్కితే కేబుల్లోంచి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించే ఫాస్ట్‌బూట్ తెర వచ్చింది. దాని మీద ఒక బొమ్మ ఉంటుంది, చెవుల టోపీ కుందేలు ఆండ్రాయిడ్ బొమ్మని రిపేరు చేస్తూ. మా కులదైవంలా అనిపించింది నాకు. కుర్రాడు ల్యాప్‌టాప్‌లో కమాండు కొట్టాడు. ఫోను కనపడలేదు. మళ్లీ కొట్టాడు. డ్రైవరేమో అన్నాడు. పోర్టు మార్చాడు. నలభై నిమిషాలు! చివరికి కేబులు వైపు చూసి ‘అన్నా, ఇది ఉత్త ఛార్జింగ్ కేబులు కదూ?’ అన్నాడు. అవును. లోపల డేటా వైర్లే లేవు. పద్దెనిమిదేళ్ల అనుభవం నాది. నవ్వండి, పర్లేదు.

కేబులు మార్చాక అంతా చకచకా జరిగింది. ఫోను ఆన్ చేయగానే మొదట లేచి సిస్టంని లేపే ప్రోగ్రాముని బూట్‌లోడర్ అంటారు. కంపెనీ బూట్‌లోడర్ని కదపకుండా, దాని తర్వాత లేచేలా ఎల్‌కే2ఎన్‌డీ అనే ఇంకో చిన్న బూట్‌లోడర్ ఎక్కించాడు. పీఎంబూట్‌స్ట్రాప్ అనే పనిముట్టు ఏ కంపెనీ, ఏ మోడల్, యూజర్ పేరేంటి, తెర మీద కనపడే రూపం ఫోష్ కావాలా, ప్లాస్మా మొబైల్ కావాలా, అసలు తెరే వద్దా అని ఒక్కొక్కటీ అడిగి సిస్టం తయారుచేసి పెట్టింది. కేబుల్లోంచే 172.16.42.1 అన్న అడ్రసుకి లాగిన్ అయ్యాడు. నల్ల తెర మీద కెర్నెల్ నంబరు చూపించాడు. 6తో మొదలైంది. పెయింటు డబ్బాలో పడున్న ఫోన్లో!

ఇంక నిజం కూడా చెప్పాలి, రేపు మీరు ఇంట్లో ఫోను పాడుచేసుకుని నా అంగడికి రావొద్దు. మా ఫోన్లో వైఫై వచ్చింది, టచ్ వచ్చింది. కెమెరా రాలేదు. ఫోన్‌పే, గూగుల్ పే రావు. ఆండ్రాయిడ్ యాప్‌ల కోసం వేడ్రాయిడ్ అని ఉంది గానీ బ్యాంకు యాప్‌లు చాలావరకు దాన్ని నమ్మవు. అర్ధరాత్రి 112కి చేయాల్సొస్తే దీన్ని నమ్ముకోవద్దు. ఎక్కించేటప్పుడు లోపలున్నదంతా పోతుంది. ఇంకోటి, నా వృత్తిధర్మంగా చెప్తున్నా, సర్వర్‌లా వాడతామని ఇరవైనాలుగ్గంటలూ ఛార్జర్‌కి తగిలించి ఉంచకండి, బ్యాటరీ ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని సూదితో పొడిచే మహానుభావులున్నారు, మంటలు లేస్తాయి.

లోపలున్నదంతా పోతుంది అన్నాను కదా. మర్నాడు పెద్దమ్మ టీ పట్టుకొచ్చి, బల్ల మీద తన ఫోను వెలుగుతుండటం చూసింది.

‘బతికిందే! మరి నా లెక్కలు తియ్యి నాయనా’ అంది.

ఏం చెప్పను? ఏడాదిగా డబ్బాలో భద్రంగా ఉన్న లెక్కల్ని ముందురోజే, ఆదివారం మధ్యాహ్నం, నా చేత్తో తుడిచేయించాను. అడగాలని తోచలేదు. కాపీ తీద్దామా అని కుర్రాడు అడిగితే నేనే ‘ఏముంటుందిరా అందులో’ అన్నా. ఆమె ఏమీ అనలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. తిట్టుంటే బాగుండేది.

హెడ్ గారు వాచీ చూస్తున్నారు. అయిపోవచ్చింది సార్. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి రూలు వచ్చింది, మోడల్ అమ్మకం ఆగాక కూడా ఐదేళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, ఏడేళ్లు స్పేర్లు అందుబాటులో ఉండాలని. మన దగ్గర కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద 2022 జూలైలో కమిటీ వేసింది. దాని మీద చెబుదామని కాగితం రాసుకొచ్చా. కాగితం జేబులోనే ఉంది, ఉండనివ్వండి.

ఇప్పుడు మీ చేతుల్లో తిరుగుతున్న ఆ ఫోను రోజూ చేసే పని చెప్పి దిగిపోతా. అందులో సింక్‌థింగ్ అనే ప్రోగ్రాము పెట్టాం. పెద్దమ్మ కొత్త ఫోన్లోనూ పెట్టాం. రాత్రి ఆమె మెట్టు మీద కూర్చుని లెక్కలు చెప్పుకుంటుంది. మా అంగడి వైఫై అక్కడిదాకా అందుతుంది. ఆమె చెప్పిన లెక్క చెప్పినట్టు ఇందులోకి కాపీ అవుతుంది. కొత్తది పోయినా పాతదాంట్లో ఉంటుంది. ఇవాళ దీన్ని ఇక్కడికి తెచ్చా కాబట్టి సాయంత్రం లోపల మళ్లీ బల్ల మీద పెట్టాలి, వెనక వరసవాళ్లు త్వరగా ఇచ్చేయండి.

పెట్టిన మొదటి రాత్రి పనిచేస్తోందా లేదా అని ఒక్క ఫైలు తెరిచి విన్నాను. వినకూడదు, పరీక్షకోసం విన్నాను. దోసె పెనం గీకుతున్న చప్పుడు, తర్వాత ఆమె గొంతు.

‘సెల్లు రిపేరు అబ్బాయి, ఎనభై అయిదు. అడగ్గూడదు. వాడే ఇస్తాడు.’

పొద్దున్నే వెళ్లి ఇచ్చేశాను. ఆ ఫైలు ఇంకా అందులోనే ఉంది.